నలభై ఒకటో ఓటు ఒబామాకేర్‌ని ఎందుకు ఆపలేకపోయింది

2010 జనవరి 19 రాత్రి మసాచుసెట్స్ ఉప ఎన్నిక రిజల్ట్ వచ్చేసరికి అమెరికా కన్జర్వేటివ్‌లలో ఒకటే సంబరం. మామూలు గెలుపు కాదు మరి. టెడ్ కెన్నెడీ చనిపోయి ఖాళీ అయిన సీటు, 1962 నుంచి ఆయన చేతిలోనే ఉన్న సీటు, అంతకుముందు అన్న జాన్ కెన్నెడీ కూర్చున్న సీటు, అలాంటి కంచుకోటలో స్కాట్ బ్రౌన్ అనే స్టేట్ సెనెటర్, రాష్ట్రం దాటితే పేరు కూడా తెలియని మనిషి, రిపబ్లికన్ టికెట్ మీద దాదాపు 52 శాతం ఓట్లు తెచ్చుకుని గెలిచేశాడు. డెమొక్రాట్ అభ్యర్థి మార్తా కోక్లీ 47 దగ్గరే ఆగిపోయింది. 14 నెలల కిందటే ఇదే రాష్ట్రంలో ఒబామా 26 పాయింట్ల తేడాతో గెలిచాడు, అక్కడి నుంచి ఒక రిపబ్లికన్ సెనెట్‌కి చివరిసారి గెలిచింది 1972లో, ఇవన్నీ కలిపి చూస్తే ఆ రాత్రి షాక్ ఏ రేంజ్‌లో ఉందో అర్థమవుతుంది.

ఒక్క సీటుకి అంత హడావిడి ఎందుకంటే ఒబామాకేర్, అంటే ఎక్కువమందికి హెల్త్ ఇన్సూరెన్స్ అందాలని ఒబామా తలపెట్టిన బిల్లు, దాని ప్రాణం ఆ సీటు మీదే ఉంది, అదీ సెనెట్ లెక్క వల్ల. మొత్తం 100 మంది, మన రాజ్యసభలో అయితే ఓటేసినవాళ్ళలో సగానికి పైన ఉంటే మామూలు బిల్లు గట్టెక్కినట్టే, అక్కడ అలా కాదు, ఎదుటి పార్టీ ఫిలిబస్టర్ చేస్తానని, అంటే చర్చ సాగదీసి ఓటింగ్ జరగనివ్వనని, మొండికేస్తే చర్చ ఆపి ఓటింగ్‌కి వెళ్ళడానికే 60 మంది కావాలి. డెమొక్రాట్లకి ఆ 60 చచ్చీ చెడీ కుదిరింది. 2009 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రిపబ్లికన్ ఆర్లెన్ స్పెక్టర్ పార్టీ ఫిరాయించి వచ్చాడు, మిన్నెసోటాలో అల్ ఫ్రాంకెన్ రీకౌంటింగ్‌లూ కోర్టు కేసులూ దాటుకుని జూలైలో గానీ ప్రమాణం చేయలేకపోయాడు. ఆ 60 మందితోనే డిసెంబర్ 24 పొద్దున 60-39తో హెల్త్ బిల్లు సెనెట్‌లో పాసైంది. ఒక్కరు హ్యాండిచ్చినా అంతే సంగతులు, అందుకే నెబ్రాస్కా సెనెటర్ బెన్ నెల్సన్ లాంటి వాళ్ళు ఆ ఒక్క ఓటుకి వాళ్ళ రాష్ట్రం వరకూ స్పెషల్ ప్యాకేజీలు రాయించుకున్నారు, అది బయటికొచ్చి బిల్లు పరువు ఇంకా పోయింది. బ్రౌన్ అయితే ప్రచారంలో ఏం దాచుకోలేదు, నన్ను గెలిపిస్తే నేనే 41వ ఓటు, బిల్లు ఆపేస్తా అన్నాడు, వందలో 41 మంది ఎదురు నిలిస్తే 60 రావు కదా. ఆటోగ్రాఫ్ అడిగినవాళ్ళకి పేరు పక్కన 41 అని కూడా రాసిచ్చేవాడు.

అసలు ఆ ఉప ఎన్నిక రావడమే డెమొక్రాట్ల స్వయంకృతం. 2004లో జాన్ కెర్రీ ప్రెసిడెంట్ ఎన్నికల్లో నిలబడ్డప్పుడు, ఆయన గెలిస్తే ఖాళీ అయ్యే సెనెట్ సీటులో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ తన మనిషిని పెట్టేస్తాడేమో అని భయపడి, నియామకం కుదరదు ఎన్నికే పెట్టాలి అని రాష్ట్రంలో చట్టం మార్చారు. కెర్రీ ఓడిపోయాడు, చట్టం మిగిలిపోయింది. 2009 ఆగస్టులో కెన్నెడీ చనిపోయాక ఇప్పుడు గవర్నర్ మనవాడే కదా అని తాత్కాలిక నియామకం పెట్టుకోవచ్చని మళ్ళీ మార్చుకుని పాల్ కిర్క్‌ని పంపించారు, కానీ ఎన్నిక మాత్రం తప్పలేదు. ఇలాంటి తెలివితేటలు మన అసెంబ్లీల్లో చాలా చూశాం కాబట్టి పెద్ద ఆశ్చర్యం అనిపించదు గానీ, దెబ్బ మాత్రం దేశమంతా తగిలింది.

కోక్లీ ప్రచారం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డిసెంబర్‌లో ప్రైమరీ (టికెట్ కోసం పార్టీ లోపల జరిగే ఎన్నిక) గెలవగానే సీటు వచ్చేసినట్టే అనుకుంది, జనంలో సరిగా తిరగట్లేదేంటి అని అడిగితే చలిలో ఫెన్‌వే పార్క్ స్టేడియం బయట నిలబడి చేతులు కలపమంటారా అన్నట్టు మాట్లాడింది, బోస్టన్ బేస్‌బాల్ హీరో కర్ట్ షిల్లింగ్‌ని పట్టుకుని బద్ధ శత్రువులైన న్యూయార్క్ టీం యాంకీస్ ఫ్యాన్ అనేసింది. ఇటు బ్రౌన్ పాత పికప్ ట్రక్ వేసుకుని ఊరూరా తిరిగాడు. జనవరి 11 డిబేట్‌లో మోడరేటర్ డేవిడ్ గెర్గన్ కెన్నెడీ సీటు అని ఏదో అడగబోతే, ఇది కెన్నెడీల సీటు కాదు, డెమొక్రాట్ల సీటూ కాదు, ప్రజల సీటు అన్నాడు, అంతే, ఆ ఒక్క డైలాగ్ ఊపేసింది. అదే రోజు ఆన్‌లైన్‌లో 24 గంటల్లో పది లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి, అందులో చాలా భాగం రాష్ట్రం బయట ఉన్న కన్జర్వేటివ్‌లవి. ఆఖర్లో ఒబామా స్వయంగా బోస్టన్ వచ్చి, ట్రక్ ఎవడైనా కొనుక్కోవచ్చు అని ఎకసెక్కం చేశాడు, నిరుద్యోగం 10 శాతం దగ్గర ఉన్న టైంలో ఆ మాట అనకుండా ఉండాల్సింది.

రిజల్ట్ తర్వాత కన్జర్వేటివ్‌ల రియాక్షన్ బయటికి ఒకే గొంతులా వినిపించింది గానీ లోపల రకరకాలుగా ఉంది. గట్టిగా వినిపించింది మాత్రం ఒకటే, బిల్లు చచ్చిపోయింది అని. వీక్లీ స్టాండర్డ్‌లో ఫ్రెడ్ బార్న్స్ మర్నాడే రాసేశాడు, ఒబామాకేర్ పోయింది, మళ్ళీ లేచే ఛాన్స్ ఇసుమంత కూడా లేదని. చార్లెస్ క్రాథమర్ లాంటి కాలమిస్టులు దీన్ని ఒబామా ఎజెండా మొత్తం మీద రెఫరెండంగా చదివారు, అంత లిబరల్ రాష్ట్రమే వద్దంటే ఇంక మిగతా దేశం సంగతి చెప్పాలా అనేది వాదన. 2009 ఫిబ్రవరి నుంచి రోడ్ల మీద ఉన్న టీ పార్టీ అనే కన్జర్వేటివ్ ఉద్యమం వాళ్ళకైతే ఇది మొదటి పెద్ద విజయం, పార్టీ పెద్దల దయ లేకుండా ఆన్‌లైన్ డబ్బుతో, ఫోన్ కాల్స్‌తో గెలిపించుకున్నాం అనే ధీమా వచ్చేసింది. కాంగ్రెస్‌లో మిచ్ మెక్‌కానెల్, జాన్ బేనర్ లాంటి రిపబ్లికన్ లీడర్లు ఒకటే పాట ఎత్తుకున్నారు, ఆ బిల్లు చించి పారేసి తెల్లకాగితం తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి అని.

ఇంకో వర్గం కథ వేరే. డెట్రాయిట్ వెళ్ళే విమానంలో క్రిస్మస్ రోజు ఒకడు బాంబు పేల్చబోయి దొరికిపోయాడు, అది ఎన్నికకి దాదాపు నాలుగు వారాల ముందు సంగతి. వాడికి మామూలు క్రిమినల్‌కి ఇచ్చినట్టు హక్కులు చదివి వినిపించి లాయర్ని ఇచ్చారని రైట్ వింగ్ జనం మండిపడ్డారు. బ్రౌన్ కూడా, మన పన్నుల డబ్బు టెర్రరిస్టుల్ని ఆపే ఆయుధాలకి పెట్టాలి, వాళ్ళ లాయర్లకి కాదు అని చెప్పి బాగా చప్పట్లు కొట్టించుకున్నాడు. హెల్త్ బిల్లు కంటే ఈ పాయింటే ఎక్కువ పనిచేసిందని బ్రౌన్ క్యాంప్ నుంచే మాట వచ్చింది. ఆ కోణం త్వరగానే మరుగున పడింది, ఎందుకంటే వాషింగ్టన్‌లో అందరికీ, రెండు పార్టీలకీ, ఆ గెలుపు హెల్త్ బిల్లు మీద తీర్పుగా ఉంటేనే వార్త. బ్రౌన్ నిజంగా మనవాడేనా అని అప్పుడే డౌట్ పడ్డవాళ్ళూ ఉన్నారు, విజయోత్సవ స్పీచ్‌లో తన కూతుళ్ళు పెళ్ళికి ఖాళీగానే ఉన్నారన్నట్టు వేసిన జోక్‌కి కన్జర్వేటివ్ రేడియో హోస్ట్ గ్లెన్ బెక్ మర్నాడు రేడియోలో గట్టిగానే విరుచుకుపడ్డాడు, సరే అది పక్కన పెడదాం.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని ఇబ్బందికర విషయం ఒకటుంది. మసాచుసెట్స్‌కి హెల్త్ రిఫార్మ్ అప్పటికే ఉంది. 2006 ఏప్రిల్‌లో రామ్నీ గవర్నర్‌గా సంతకం పెట్టిన చట్టం, పక్కన టెడ్ కెన్నెడీ నిలబడి ఉండగా పెట్టింది, అందరూ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, తీసుకోకపోతే పెనాల్టీ, తక్కువ ఆదాయం వాళ్ళకి సబ్సిడీ, ప్లాన్లు కొనుక్కోవడానికి ఒక ఎక్స్ఛేంజ్. ఒబామా బిల్లు అస్థిపంజరం ఇదే. ఆ తప్పనిసరి ఇన్సూరెన్స్ ఐడియా కూడా 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే కన్జర్వేటివ్ సంస్థ నుంచి వచ్చిందే. బ్రౌన్ స్టేట్ సెనెటర్‌గా ఆ 2006 చట్టానికి ఓటేశాడు కూడా, 2010లో దాన్ని తప్పు అనలేదు. ఆయన చెప్పింది వేరే, మన రాష్ట్రంలో 95 శాతం పైన జనానికి ఇన్సూరెన్స్ ఉంది, ఇంక పక్క రాష్ట్రాల వాళ్ళ కోసం మనం ఎందుకు పన్నులు కట్టాలి అని. లాజిక్ సూటిగానే ఉంది, ఓట్లు కూడా రాలతాయి, కానీ దీన్ని తీసుకెళ్ళి మసాచుసెట్స్ జనం ప్రభుత్వ ఇన్సూరెన్స్ పద్ధతినే తిరస్కరించారు అంటే మాత్రం లెక్క తప్పు. మా ఇంట్లో వండుకుని తిన్నాం, మీ వంటకి చందా మేమెందుకు ఇవ్వాలి అనడం వేరు, వంటే వద్దనడం వేరు కదా.

అయినా ఆ వారం కన్జర్వేటివ్‌ల అంచనా తప్పు అని చెప్పే ధైర్యం డెమొక్రాట్లకే లేదు, చేతులెత్తేసే మూడ్‌లోనే ఉన్నారు. వర్జీనియా సెనెటర్ జిమ్ వెబ్ అదే రాత్రి, బ్రౌన్ ప్రమాణం చేసేదాకా హెల్త్ బిల్లు మీద ఇంకే ఓటింగూ వద్దు అన్నాడు. అంత లిబరల్ అయిన బార్నీ ఫ్రాంక్ కూడా మొదట అదే ధోరణిలో మాట్లాడి తర్వాత సర్దుకున్నాడు. ఇండియానా సెనెటర్ ఎవన్ బై అయితే మసాచుసెట్స్ పోయినా మేలుకోకపోతే ఇంక మేలుకునే ఆశే లేదన్నాడు. వైట్ హౌస్‌లో ఒబామా చీఫ్ ఆఫ్ స్టాఫ్ రామ్ ఇమాన్యుయెల్ బిల్లుని కోసి చిన్నది చేసి ఏదో ఒకటి పాస్ చేయించుకుందాం అనే వైపు ఉన్నాడు. జనవరి 21న హౌస్ (మన లోక్‌సభ లాంటి కింది సభ) స్పీకర్ నాన్సీ పెలోసీ, సెనెట్ బిల్లుని ఉన్నది ఉన్నట్టు పాస్ చేసే ఓట్లు హౌస్‌లో లేవు అని బహిరంగంగానే ఒప్పుకుంది. ఇవన్నీ విన్న కన్జర్వేటివ్‌లు సంబరాలు ఆపాల్సిన కారణం ఏం కనిపిస్తుంది?

కానీ పెలోసీ చెప్పిన ఆ మాటలోనే అసలు తలుపు ఉంది, అది అప్పుడు తక్కువమందికే కనపడింది. సెనెట్ బిల్లు ఆల్రెడీ పాసైపోయింది, డిసెంబర్‌లోనే. బ్రౌన్ ఓటు అవసరమయ్యేది హౌస్ వెర్షన్‌నీ సెనెట్ వెర్షన్‌నీ కలిపి కొత్త బిల్లు చేసి మళ్ళీ సెనెట్‌కి తెస్తేనే. జనవరి మధ్యదాకా జరుగుతున్నది సరిగ్గా అదే, రెండు సభల లీడర్లు వైట్ హౌస్‌లో కూర్చుని బేరాలాడుతున్నారు. బ్రౌన్ గెలుపుతో ఆ దారి మూసుకుపోయింది, నిజమే. మూసుకుపోయింది ఆ దారి మాత్రమే. హౌస్ కామా కూడా మార్చకుండా సెనెట్ బిల్లుకి ఓకే చెప్తే అది నేరుగా ప్రెసిడెంట్ టేబుల్ మీదకి వెళ్తుంది, 41 మంది కాదు 49 మంది ఉన్నా చేసేదేం లేదు. తర్వాత హౌస్ వాళ్ళకి నచ్చని డబ్బు వ్యవహారాల్ని బడ్జెట్ రికన్సిలియేషన్ అనే పద్ధతిలో ఇంకో చిన్న బిల్లుతో సరిచేసుకోవచ్చు, దానికి ఫిలిబస్టర్ వర్తించదు, 51 చాలు. ఇది దొంగదారి అని రిపబ్లికన్లు గోల చేశారు గానీ 2001లో, 2003లో బుష్ పన్ను తగ్గింపులు వెళ్ళింది ఈ దారిలోనే.

ఫిబ్రవరిలో గాలి కాస్త తిరిగింది, తిప్పింది పొలిటీషియన్లు కాదు, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. కాలిఫోర్నియాలో ఆంథెమ్ బ్లూ క్రాస్ సొంతంగా పాలసీ కొనుక్కునేవాళ్ళలో కొంతమందికి ప్రీమియం 39 శాతం దాకా పెంచబోతోందని బయటికొచ్చింది. చచ్చిపోయిందనుకున్న బిల్లుకి ఇంతకంటే మంచి ప్రచారం ఒబామా టీం కలలో కూడా రాసుకోలేదు. ఫిబ్రవరి 25న ఒబామా, ప్రభుత్వ అతిథి గృహమైన బ్లెయిర్ హౌస్‌లో రెండు పార్టీల వాళ్ళని కూర్చోబెట్టి టీవీ కెమెరాల ముందు ఏడు గంటలు చర్చ పెట్టాడు. రిపబ్లికన్ల తరఫున లామార్ అలెగ్జాండర్ మొదట్లోనే రికన్సిలియేషన్ వాడనని మాటివ్వమన్నాడు, పాల్ రయాన్ ఖర్చు లెక్కల్ని బాగానే ఉతికాడు, నిజానికి ఆ రోజు అందరికంటే పదునుగా మాట్లాడింది ఆయనే. అయితే మొత్తం మీద వాళ్ళ స్టాండ్ మొదటి నుంచి మొదలుపెట్టండి దగ్గరే ఉండిపోయింది. అంటే బేరానికి వచ్చి కొనేది లేదని ముందే చెప్పేసినట్టు. అటు ఊగిసలాడుతున్న డెమొక్రాట్లకి దాంతో ఒకటి క్లియర్ అయిపోయింది, ఎంత తగ్గినా అటు నుంచి ఓట్లు రావు, తగ్గి లాభం లేదు అని.

మార్చి 21 రాత్రి హౌస్‌లో సెనెట్ బిల్లు 219-212తో గట్టెక్కింది. 34 మంది డెమొక్రాట్లు వ్యతిరేకంగా వేశారు, రిపబ్లికన్ల నుంచి ఒక్క ఓటు కూడా రాలేదు. అబార్షన్ మీద పట్టుబట్టిన డెమొక్రాట్ బార్ట్ స్టుపాక్ వర్గానికి ఒబామా ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇస్తానంటే వాళ్ళు ఆఖరి గంటల్లో దిగొచ్చారు. 23న సంతకం, 30న సవరణల బిల్లు మీద కూడా సంతకం. ఆ సవరణల బిల్లుకి సెనెట్‌లో వచ్చినవి 56 ఓట్లు, వ్యతిరేకంగా 43, ఆ 43లో బ్రౌన్ ఓటు ఉంది, ఉండి ఏం ప్రయోజనం.

అదే రోజు, అంటే 21నే, బుష్ దగ్గర స్పీచ్ రైటర్‌గా చేసిన డేవిడ్ ఫ్రమ్ ఒక వ్యాసం రాశాడు, వాటర్లూ అని పేరు పెట్టాడు. ఎందుకంటే 2009 జూలైలో సౌత్ కరోలినా సెనెటర్ జిమ్ డిమింట్, ఈ బిల్లు ఆపగలిగితే ఇది ఒబామాకి వాటర్లూ (నెపోలియన్ చిత్తుగా ఓడిన యుద్ధం) అవుతుంది, విరిచేస్తుంది అన్నాడు. ఫ్రమ్ దాన్ని తిప్పికొట్టాడు, వాటర్లూ జరిగింది, ఓడింది మనమే అని. ఈ బిల్లులో సగం మన ఐడియాలే, రామ్నీ ప్లానే, ముందే బేరానికి దిగి ఉంటే పన్నులు తగ్గించుకునేవాళ్ళం, మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వ ఇన్సూరెన్స్) విస్తరణ తగ్గించుకునేవాళ్ళం, ఏమీ వద్దు మొత్తం ఓడిద్దాం అనుకుని మొత్తం పోగొట్టుకున్నాం, నవంబర్‌లో సీట్లు రావచ్చు గానీ సీట్లు వస్తాయి పోతాయి చట్టం ఉండిపోతుంది అని. ఆ వారంలోనే ఆయన తను పనిచేస్తున్న కన్జర్వేటివ్ సంస్థ అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి బయటికొచ్చేశాడు. ఆయన వాదన పూర్తిగా కరెక్టేనా అంటే అదీ డౌటే, 2009 ఎండాకాలంలో రిపబ్లికన్ సెనెటర్ చక్ గ్రాస్లీ వాళ్ళు నెలల తరబడి బేరమాడి తేల్చలేదు, టీ పార్టీ వేడిలో రాజీ పడ్డ రిపబ్లికన్‌కి ప్రైమరీలో టికెట్ దక్కేది కాదు. అయినా బ్రౌన్ గెలిచిన మర్నాడు రిపబ్లికన్ల చేతిలో ఉన్నంత బేరం బలం ముందూ లేదు తర్వాతా రాలేదు. అప్పుడు డెమొక్రాట్లు సగం బిల్లుకి కూడా దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ రెండు మూడు వారాలు సంబరాల్లో కరిగిపోయాయి.

అలాగని 41వ ఓటు ఏమీ చేయలేదనీ కాదు, చాలా చేసింది, చట్టం ఆకారాన్నే ఫిక్స్ చేసేసింది. హౌస్ బిల్లులో దేశం మొత్తానికి ఒకే ఇన్సూరెన్స్ ఎక్స్ఛేంజ్ ఉంది, సెనెట్ బిల్లులో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం. బేరం కుదిరేలోపు ఉప ఎన్నిక వచ్చి పడటంతో సెనెట్ డ్రాఫ్టే చట్టమైపోయింది, తొందర్లో రాసిన తప్పులతో సహా. సబ్సిడీ రాష్ట్రం ఏర్పాటు చేసిన ఎక్స్ఛేంజ్‌లో కొన్నవాళ్ళకే అన్నట్టు ఒక చోట వాక్యం మిగిలిపోయింది, 34 రాష్ట్రాలేమో అప్పట్లో సొంతంగా పెట్టుకోకుండా ఫెడరల్ ఎక్స్ఛేంజ్ మీదే నడిచేవి. ఆ వాక్యం పట్టుకుని చట్టం వ్యతిరేకులు సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు, 2015 జూన్‌లో 6-3తో ఓడిపోయారు. మామూలు పద్ధతిలో రెండు సభల కమిటీ కూర్చుని ఉంటే ఏ క్లర్కో దిద్దేసేవాడు ఆ లైన్‌ని.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఈ చట్టం ఎక్కువగా తెలిసింది రెండు మూడు చోట్ల. చదువు అయిపోయినా ఉద్యోగం రాని పిల్లల్ని 26 ఏళ్ళ దాకా తల్లిదండ్రుల పాలసీలో ఉంచుకోవచ్చు, ఉద్యోగం మారినా మానినా షుగరో బీపీనో ఉందని ఇన్సూరెన్స్ ఇవ్వనని కంపెనీ అనకూడదు, గ్రీన్ కార్డ్ మీద వచ్చి కొత్తల్లో మెడికేర్ (వృద్ధులకి ప్రభుత్వ ఇన్సూరెన్స్) దొరకని అమ్మానాన్నలకి, ఎక్స్ఛేంజ్ అన్నా అదే, మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కునే వీలు. టీ పార్టీ వైపు మొగ్గే వాళ్ళు మన డాక్టర్లలోనూ బిజినెస్ వాళ్ళలోనూ ఉన్నారు, పేపర్ వర్క్ గురించీ ప్రీమియంల గురించీ వాళ్ళ తిట్లు వేరే టాపిక్.

రాజకీయంగా కన్జర్వేటివ్‌లకి గిట్టుబాటు అయింది. 2010 నవంబర్‌లో హౌస్‌లో 63 సీట్లు పెంచుకున్నారు, మసాచుసెట్స్ ఫార్ములానే దేశమంతా వాడారు. బ్రౌన్ మీద మోజు మాత్రం అంతకన్నా ముందే తీరిపోయింది. ఫిబ్రవరి 4న ప్రమాణం చేసి, నెల తిరక్కుండానే డెమొక్రాట్ల ఉద్యోగాల బిల్లు ముందుకెళ్ళడానికి ఓటేశాడు, జూలైలో వాల్ స్ట్రీట్ మీద డాడ్-ఫ్రాంక్ చట్టానికి కూడా వేశాడు. గెలిపించిన జనమే ఆన్‌లైన్‌లో ద్రోహి అని తిట్టిపోశారు. మసాచుసెట్స్ లాంటి చోట రెండోసారి గెలవాలంటే ఇంకేం చేస్తాడు మరి. అంత చేసినా 2012లో ఎలిజబెత్ వారెన్ చేతిలో ఓడిపోయాడు.

2017లో పాత్రలు తారుమారయ్యాయి. ఇప్పుడు ప్రెసిడెంట్ ట్రంప్, సెనెట్‌లో రిపబ్లికన్లు 52, ఒబామాకేర్ రద్దు చేయడానికి వాళ్ళు ఎంచుకున్న పద్ధతి అదే రికన్సిలియేషన్, 2010లో దొంగదారి అని తిట్టింది. జూలై 28 తెల్లవారుజామున సొంత పార్టీ సెనెటర్ జాన్ మెకెయిన్ బొటనవేలు కిందకి చూపించి 49-51తో అది పడిపోయింది. డిసెంబర్ 12న ఇంకో ఉప ఎన్నిక షాక్, ఈసారి అలబామాలో, డెమొక్రాట్ డగ్ జోన్స్ గెలిచాడు, 52 కాస్తా 51కి దిగబోతోంది. అప్పుడు పన్నుల బిల్లు నడుస్తోంది, అందులోనే ఇన్సూరెన్స్ తీసుకోనివాళ్ళకి వేసే పెనాల్టీని సున్నా చేసే క్లాజ్ కూడా ఉంది. జోన్స్ వచ్చేదాకా ఆగండి, 2010లో బ్రౌన్ కోసం ఆగాం కదా అని డెమొక్రాట్లు అడిగారు. మెక్‌కానెల్ ఆగలేదు. డిసెంబర్ 20కి బిల్లు రెండు సభల్లోనూ పాసైపోయింది, జోన్స్ ప్రమాణం చేసింది జనవరి 3న.